నొప్పి నేదు

"ఛాతి బింధుచి కి?"
డాక్టరమ్మ ఒడియాలో అడిగింది.
నేను మనలోకి మార్చాను:
"గుండిలో ఏటైనా నొప్పుందా?"
బల్ల మీద దండాసి తల అడ్డంగా ఊపాడు.
"నొప్పి నేదు. ఏటీ నేదు."
దాన్ని మళ్లీ ఒడియాలోకి మార్చాను.
రెండు భాషల్లోనూ అది నిజమే.
మిషన్లోంచి జారుతున్న కాగితం మాత్రం
మూడో భాషలో గీతలు గీస్తోంది.

ఆ పొద్దున జరిగిందింతే.
మహేంద్రతనయ ఒడ్డు నుంచి వస్తూ
సైకిలు దిగి గోడ పట్టుకున్నాడు.
మాఘమాసం చలిలో
చొక్కా తడిసి వీపుకి అంటుకుంది.
నీరసమన్నాడు. గ్యాసన్నాడు.
రాత్రి తిన్న పకోడీల మీదికి నేరం తోశాడు.
పక్కింటి పద్మలోచన్ పాత్రో ఆటో తియ్యకపోతే
నేనూ సోడా పట్టించి పడుకోబెట్టేదాన్నే.

మాది పర్లాకిమిడిలో కొమ్ము పని.
గేదె కొమ్ముకి కొబ్బరినూనె రాసి సెగ చూపిస్తే
మాట విన్నట్టు వంగుతుంది,
కొంగ మెడవుతుంది, రొయ్య మీసమవుతుంది.
సెగ ఒక్క పిసరు ఎక్కువైతే
పైన నలుపు నిగనిగలాడుతూనే ఉంటుంది,
లోపల పెళుసు.
ముప్పయ్యేళ్లు ఆ పిసరుని వేలికొసతో పట్టినవాడు
పదహారేళ్లుగా తన నెత్తుట్లో రగులుతున్న సెగని
పట్టలేకపోయాడు.

పట్టే వేలే మొద్దుబారింది మరి.
నిరుడు ఆకురాయి జారి
కాలి బొటనవేలు తెగితే
గచ్చు మీద ఎర్ర అడుగులు చూసి
నేను కేకేశాను గానీ అతను కాదు.
ఇనుప మనిషివి నువ్వని నవ్వాను.
అవును, నవ్వాను.

"చక్కెర ముందుగా కబురు మోసే నరాన్నే తింటుంది" అంది డాక్టరమ్మ.
"ఆ తర్వాత ఇల్లంటుకున్నా
వీధిలోకొచ్చి అరిచేవాడుండడు."
ఈ ముక్క మాత్రం
అతనికి తెలుగులో చెప్పలేదు.

సుగర్ పరీక్షంటే చాలు,
రెండ్రోజుల ముందు నుంచి సగం పస్తు, కాకర రసం.
బడిపిల్లాడిలా మంచి మార్కులు తెచ్చుకుని
సాయంత్రం స్టేషన్ రోడ్లో ఛెనాపోడతో పండగ చేసుకునేవాడు.
మూడు నెలల లెక్క విప్పే పరీక్ష ఇంకొకటుంది,
దాని ముందు ఆ నాటకం సాగదు.
"మళ్లీ చూద్దాం" అనేవాడు.
నేనూ అన్నాను.
ఆ డబ్బుకి రెండు చిన్న కొంగలమ్మాలి.

బరంపురం పెద్దాసుపత్రి నుంచి వచ్చాక
గూట్లో మాత్రల అట్టలు నాలుగు.
చక్కెరకొకటి, బీపీకొకటి, కొవ్వుకొకటి,
నెత్తురు గడ్డకట్టకుండా ఒకటి.
"నొప్పి నేదు గదే, మరెందుకివన్నీ?"
"నేదు గనకే."
ఖైనీ డబ్బాలో ఇప్పుడు నా మెరుగు పొడి ఉంది.
పఖాళ గిన్నె చిన్నదైంది,
దాని పక్కన ములగాకు కూర గిన్నె పెద్దదైంది.
గుణుపూర్ బండి కూసే వేళకి
కట్ట వెంట నడక.
ముందు అతను, తిట్లతో. వెనక నేను.

నొప్పుందా అని నేనిప్పుడడగను.
ఆయాసమా? ఊరికే చెమటా?
దవడ లాగుతోందా?
మెట్టెక్కితే నిన్నటిలాగే ఉందా?
"పోలీసోళ్లైనా ఇన్ని అడగరే" అంటాడు.
అడగరు. వాళ్లకేం పోతుంది?

నిన్న చాన్నాళ్లకి కుంపటి ముందు కూర్చున్నాడు.
కొమ్ము తిప్పి తిప్పి చూసి
నా వైపు చాచాడు:
"సెగ సరిపోనాదో నేదో, నువ్వు సూడు."
ముప్పయ్యేళ్లలో ఈ మాట నన్నడగలేదు.
వేలు ఆనించాను. వంగుతోంది.
"ఇంకో పిసరు పెట్టొచ్చు" అన్నాను.
మంట మీంచి చెయ్యి వెనక్కి తీసుకుని
"సాలు" అన్నాడు.