కుడివైపు మెట్లు

ఆదోని పత్తి మార్కెట్ వెనక వీధిలో
కోసిగి చెన్నబసప్ప మహలు.
నేను మున్సిపాలిటీ ట్రేసర్ని.
కూలగొట్టే ముందు కొలతలు కావాలన్నారు.

వాకిలి దాటగానే రెండు మెట్లవరసలు,
ఎద్దు కొమ్ముల్లా చెరో పక్కా ఒంపు తిరిగి
పైన ఒకచోట కలుస్తాయి.
ఎడమవైపు లెక్కపెట్టాను. ఇరవై రెండు.
కుడివైపు కాలు పెట్టబోతే
మోకాలు గోడకు కొట్టుకుంది.

వాచ్‌మన్ తిక్కస్వామి నవ్వలేదు.
"అందరికీ అట్లే అయితాది సార్.
అవి గీసిన మెట్లు."

చెన్నబసప్ప బొంబాయిలో పత్తి అమ్మి
వస్తా వస్తా ఒక బిస్కట్ల డబ్బా తెచ్చినాడంట.
మూతమీద ఏదో దొరల దేశపు కోట:
మెలి తిరిగిన స్తంభాలు, గవ్వల అంచులు,
మబ్బుల్లో రెక్కల పిల్లలు.
"ఇట్లాంటిది కట్టు" అన్నాడంట.
మౌలాలి మేస్త్రీ ఆ డబ్బాను మూడు రాత్రులు
తలకింద పెట్టుకుని పడుకున్నాడంట.

రెక్క వీపున ఎక్కడ మొలుస్తుందో తెలీక
సంతలో ఒక పావురాన్ని కొన్నాడు.
ముఖాల కోసం మాత్రం వెదకలేదు.
గానుగ దగ్గర సున్నంలో కరక్కాయ నీళ్ళు పోసే
ఆడవాళ్ళ చంకల్లోనే ఉన్నాయవి.
అందుకే పైకప్పు మబ్బుల్లో
ఉరుకుందమ్మ కొడుకు
మొలతాడుతో ఎగురుతున్నాడు ఇంకా.
స్తంభాల మెలికలు కూడా
బేళ్ళు కట్టే తాడు పురిలాగే ఉన్నాయి.

ఎడమ మెట్లు పూర్తయ్యేసరికి
పత్తి ధర పడిపోయింది. ఒక్క వారంలో,
అంటాడు తిక్కస్వామి, తను చూసినట్టే.
కుడివైపుకు రాయి లేదు, కూలి లేదు.
మౌలాలి ఇంటికి పోలేదు.
మిగిలిన సున్నం, కాస్త కాటుక, జాజు.
తడిగోడ మీద మెట్లు గీశాడు,
ఎదుటి కిటికీ వెలుతురు ఎంతో
అంతే నీడ వేసి.
పదకొండో మెట్టు అంచు కొంచెం అరగదీశాడు,
ఎవరో రోజూ ఎక్కి దిగుతున్నట్టు.

తర్వాత విత్తనాల గోదాము, చిట్టీల ఆఫీసు,
కొన్నాళ్ళు టైపు ఇన్‌స్టిట్యూటు.
మబ్బు మధ్యలో ఫ్యాను కొక్కెం దిగ్గొట్టారు.
కుడిగోడకు మాత్రం ఎవ్వరూ సున్నం కొట్టలేదు.

నా ఫారంలో ఒక గడి ఉంది: మెట్ల సంఖ్య.
ఇరవై రెండని రాశాను. కొట్టేశాను.
మళ్ళీ రాశాను.
కిటికీలో ఎండ వాలి
గీసిన నీడా, పడిన నీడా కలిసిపోయే వేళకి
టేపు రెండో కొన తిక్కస్వామికి అందించి
"పట్టుకో, ఆ పక్క కూడా కొలుద్దాం" అన్నాను.

ఆయన చెప్పులు విడిచి
గోడ దగ్గరికి వెళ్ళాడు.