కార్తీకంలో వెల్లుల్లి

కాశీబుగ్గ బస్టాండు పక్కన
నా మందుల షాపు షట్టరు సగమే లేచింది.
లోలాక్షి అప్పటికే మెట్టు మీద కూర్చునుంది,
కొంగు నోటికడ్డం పెట్టుకుని.

జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీస్తుంది.
గుడ్లు పగలకుండా పొర ఊడాలంటే
కత్తి కంటే గోరే మేలు.
బొటనవేలి గోరే ఆమె పనిముట్టు, ఆమె కూలి.

"మా అత్త వంటింట్లోకి రానీడం నేదు బాబూ.
కార్తీకమాసం. ఇంట్లో ఉల్లిపాయ కూడా కొయ్యనేదు.
నా నోరు మాత్రం ఎల్లుల్లి వాసనేస్తంది.
ఎక్కడ తిన్నావే అని నిలదీస్తంది.
దేవుడి తోడు, నాను తిన్నేదు."

నవ్వబోయాను.
ఆమె చెయ్యి కౌంటరు మీద పెట్టింది.
గోళ్ళ మీద అడ్డంగా తెల్లటి చారలు.
బొటనవేలి గోరు సగానికి చీలి
గుడ్డపీలిక చుట్టుకుని ఉంది.
రెండు నెలల కిందట సన్నటి కాలిబాట ఆ పాపిడి,
ఇప్పుడు బండితోవ.

సంచిలోంచి ఒక్కొక్కటే తీసింది.
థైరాయిడ్‌కి మంచిదని ఎవరో చెబితే కొన్న సీసా.
నీరసానికి కొన్న రంగుల పెట్టె.
జుట్టు రాలుతోందని కొన్న బిళ్ళలు,
ఇంకా రాలుతోందని
పూటకొకటి చొప్పున మూడు మింగుతున్నవి.
అన్నిటి మీదా నా షాపు ముద్రే.

కళ్ళజోడు తుడుచుకుని
చీమతలకాయంత అక్షరాలు మొదటిసారి చదివాను.
సెలీనియం రెండువందలు.
సెలీనియం డెబ్బై.
సెలీనియం రెండువందలు, మూడుసార్లు.
బిల్లుపుస్తకం వెనక కూడాను.
ఎనిమిదివందల డెబ్బై మైక్రోగ్రాములు.

ఒంటికి రోజుకి కావలసింది యాభై పైచిలుకు,
మెత్తటి ఉప్పులో ఒక్క రేణువంత.
నాలుగువందలు దాటితే గట్టు తెగినట్టే.

"అసలు లేకపోతే కష్టమే లోలాక్షమ్మా,
మెడలో గ్రంథికి అది కావాలి.
కానీ బారువ నుంచి బుట్టలో వచ్చే చేపలో ఉంది,
గుడ్డులో ఉంది,
నువ్వు పొట్టు తీసే పప్పులోనూ కాస్త ఉంది."

"పప్పు మేం తినం బాబూ.
తూకమేసి లెక్కెడతారు."

కాసేపు ఊరుకున్నాను.
పలాస వైపు వెళ్ళే ఆటో ఒకటి హారన్ కొట్టి పోయింది.

"జుట్టు కోసం మింగినదే జుట్టు రాలుస్తోంది.
ఒళ్ళు మొయ్యలేనిదాన్ని
ఊపిరిలోంచి బయటికి తోసేస్తోంది.
నీ నోట్లో వెల్లుల్లి అదే."

"మంచిదన్నారు గదా.
మూడుసార్లు తింటే మూడింతలు మంచి గాదా?"

జవాబు నేను చదువుకున్నదే.
పరీక్షలో రాశాను, మార్కులొచ్చాయి.
ఆమె డబ్బులిచ్చిన మూడుసార్లూ
చిల్లర మాత్రం సరిగ్గా లెక్కపెట్టాను.

సీసాలు లోపల పెట్టేశాను.
మూత తీసినవి కంపెనీ తీసుకోదు,
గల్లాలోంచి ఇచ్చాను. రెండుసార్లు ఎంచుకుంది.
"పెద్దాసుపత్రికి వెళ్ళు, రక్తం చూపించు.
డాక్టరు రాసిన థైరాయిడ్ మాత్ర మాత్రం మానకు."

"గోరు మళ్ళీ వస్తాదా?"
"వస్తుంది. నెలలు పడుతుంది."
"అందాకా?"

షట్టరు మిగతా సగం ఎత్తడానికి లేచాను.

వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగింది.
"మా అత్తకో చీటీ రాసియ్యి బాబూ,
నాను తిన్నేదని."

రాశాను.
ఈమె వెల్లుల్లి తినలేదు. తప్పు ఈమెది కాదు.
కింద సంతకం పెట్టి
షాపు ముద్ర వేశాను,
ఆ సీసాల మీద ఉన్నదే.