తలుపు లోపల

షువేఖ్ గ్యారేజీలో ఆగస్టు.
హీట్ గన్ అక్కర్లేదు, రేకే కాలుతోంది.

చవకదానికి తారు వాసన, ఎండకి జారిపోతుంది
అని వచ్చీరాని అరబ్బీలో చెప్పి
బ్యూటైల్ షీట్‌కే ఒప్పించాను మిష్‌అల్‌ని.
డోర్ ప్యాడ్ విప్పి, పాత జిగురు గీకి,
పుచ్చకాయ కొట్టి చూసినట్టు
రేకంతా వేలి కణుపుతో తట్టుకుంటూ పోయాను.
మోగిన చోటల్లా ముక్క కోసి అంటించి
గాలిబుడగ మిగలకుండా రోలర్‌తో నొక్కాను.
నీళ్లు పోయే బెజ్జాలు మాత్రం వదిలేశాను.
అరచెయ్యి కోసుకుంది. పర్లేదు.

సాయంత్రానికి, ఖంగుమనే ఆ తలుపు
దిండు మీద తల ఆనినట్టు పడింది.

మూడోనాడు బండి మళ్లీ వచ్చింది.
"ఏదో టిక్కుమంటోంది. ఇదివరకు లేదు."
ఇదివరకూ ఉంది సార్,
హోరులో మీకు వినపడలేదు.

విప్పాను. అద్దం దిగే సందులోంచి జారి
అడుగున, ఎండిన ఖర్జూరం గింజ.
ఆ పక్క సీట్లో ఎవరు కూర్చునేవారో నేనడగలేదు.
ఆయన దాన్ని జేబులో వేసుకుని
బేరమాడకుండా డబ్బిచ్చాడు.

రాత్రి క్యాంపు బస్సులో
ప్రతి రేకూ ఏదో ఒకటి అంటూనే ఉంది.
పోశెట్టి నోరు తెరిచి నిద్రపోతున్నాడు.
నేను కిటికీకి చెవి ఆనించి
ఒక్కో మోతనీ పక్కకు జరుపుతున్నాను.