కుంటి దెబ్బ

కోట్కా రేవులో మంచు పగలగొట్టే ఓడ
తెల్లారకముందే గొంతు సవరించుకుంది.
మా గొంతులింకా బిగుసుకునే ఉన్నాయి.

ఔలిస్ గారేజీలో నలుగురం.
కారు బయటికి తోస్తేగాని చోటు చాలలేదు,
తోకరెక్కల పాత అమెరికన్ బండి.
దాని మీద మంచు పడుతుంటే
రెండు నిమిషాలకోసారి కిటికీలోంచి తొంగిచూస్తాడు ఔలిస్,
వాకిట్లో వదిలొచ్చిన చంటిపిల్లని చూసినట్టు.

ముప్పై నాలుగేళ్లు.
విడిపోయింది పెద్ద కారణానికేం కాదు.
కౌవోలాలో వాయించి వస్తుంటే అర్ధరాత్రి
వ్యానుకి దుప్పి అడ్డమొచ్చింది.
పగిలిన అద్దానికి డబ్బులెవరివ్వాలన్న దగ్గర
మాటా మాటా పెరిగింది.
దుప్పి లేచి, కుంటుకుంటూ అడవిలోకి పోయింది.
బ్యాండే రోడ్డు మీద చచ్చిపోయింది.

ఆ తర్వాత నేను పన్నెండో నంబరు బస్సు నడిపాను.
రైమో రోజూ అదే బస్సెక్కేవాడు,
చిల్లర ఇచ్చేవాడు, మొహం ఇచ్చేవాడు కాదు.

ఇవాళ అలవాటుగా జేబులోంచి దువ్వెన తీశాడు.
నుదుటి మీద లేచి నిలబడే ఆ అల
ఎప్పుడో వెనక్కి పోయింది, ఒడ్డు మిగిలింది.
దువ్వెనని కాసేపు చూసి
దాంతోనే గిటారు తీగల కింద దుమ్ము గీకాడు.

ఐలా ఇప్పటికీ నిలబడే వాయిస్తుంది,
ఒక్క డ్రమ్ము, ఒక్క తాళం.
మోకాలు మార్చిన డాక్టరు కూర్చోమన్నాడట.
"కూర్చుంటే అది రాకబిల్లీ కాదు, ఆఫీసు" అంది,
చెవిమిషన్ తీసి ఖాళీ కాఫీ కప్పులో వేస్తూ.

ఔలిస్ డబుల్ బాస్ ఇన్నేళ్లూ
ఆవిరి గది బయట తువ్వాళ్లు ఆరేసుకోడానికి పనికొచ్చింది.
పొట్ట మీద జానెడు పగులు.
కాగితం మిల్లు నేర్పిన ఓపికతో జిగురు పోసి
వారం రోజులు కట్టి ఉంచాడు.
మెడ పట్టుకుని దగ్గరికి లాక్కుంటే
అచ్చం మా పాత పోస్టరులో ఉన్నట్టే ఉన్నాడు.
పోస్టరులో చెయ్యి వణకదు, అంతే.

పాత పాటే మొదలెట్టాం.
పెట్రోలూ, పదిహేడేళ్ల పిల్లా, శనివారం రాత్రీ.
రెండో చరణంలో పిల్ల పేరు దగ్గర
రైమో ఆగిపోయాడు.
"దీనిది నా మనవరాలి వయసు.
నా వల్ల కాదు."

ఇక ఎవరూ ఏమీ అనలేదు.
యాలకుల బన్ను తుంచుకు తిన్నాం.
తాతల నేతుల వాసన కోసం
మా మూతులు మేమే చూసుకుంటున్నట్టుంది.

అప్పుడు ఔలిస్, ఊరికే,
తీగని లాగి వదిలాడు. అది మెడచెక్కని కొట్టింది. టక్.
మళ్లీ. టక్.
మూడోసారి వంగని ఉంగరపు వేలు
రవ్వంత ఆలస్యంగా వచ్చింది.
"తప్పు" అన్నాడు. మళ్లీ కొట్టాడు. మళ్లీ ఆలస్యం.
తప్పు కూడా అంత కచ్చితంగా రావాలంటే
ముప్పై నాలుగేళ్లు పడుతుంది.

చెవిలో ఏమీ లేని ఐలా
అతని భుజం వంక చూస్తూ అందుకుంది.
భుజానికి అబద్ధం రాదు.
రెండు నిటారు దెబ్బలు, ఒక కుంటి దెబ్బ,
రెండు నిటారు, ఒక కుంటి.
నా వేళ్లు వెతకని చోట ఒక స్వరం దొరికింది,
కొంచెం తుప్పుగా, కొంచెం వెచ్చగా.

రైమో కళ్లు మూసుకున్నాడు.
ఆపరేషన్ తర్వాత సగమే మిగిలిన గొంతుతో,
పాడటమో చెప్పడమో తెలియకుండా,
"దాటుతూనే ఉంది" అన్నాడు.
టక్, టక్... టక్.
"రోడ్డు ఇంకా దాటుతూనే ఉంది."

ఏది అని ఎవరం అడగలేదు.

పక్కింటావిడ గోడ మీద బాదింది, ఆపమనేమో.
ఆవిడ తాళం సరిగ్గా ఉంది, అందుకే కుదరలేదు.
బయట కారు పూర్తిగా తెల్లబడింది,
చూడ్డం మర్చిపోయాడు ఔలిస్.

అద్దం డబ్బులెవరివ్వాలో మాత్రం
ఇంకా తేలలేదు.