పోగంత వంకర

మొదలు కొన్నది అంగట్ల.
మునుగోడుల, గోనెపట్ట మీద
ఎర్ర డబ్బా, నలభై ఆరు ముక్కలు, మూడు వందల యాభై.
మూత తీస్తే పెండ్లి సామాను లెక్క మెరిసింది.
ఇంటికొచ్చి వెనుక చక్రం నట్టుకు పెట్టి
కొద్దిగ బరువిచ్చిన, అంతే,
సాకెట్టు నోరు తెరిచింది
పల్లికాయ వలిచినట్టు.

తర్వాత స్క్రూ పానా.
అన్నిటికీ నేనే అన్నది అది.
అన్నిటికీ నేనే అనేటోళ్లను
ఎలక్షన్లప్పుడు చూస్తనే ఉంటం గదా,
అయినా నమ్మిన.
నట్టు ఆరు మూలలు అరిగి
గోలీ అయింది.

నాది చీరలు మోసే బండి.
గట్టుప్పల నుంచి పుట్టపాక, పుట్టపాక నుంచి చౌటుప్పల్.
చెల్క దుమ్ము, పట్టు నూగు, రెండూ చైనుకు అంటుకుంటయి.
ఒకసారి చైను ఎగజిమ్మిన నల్ల చుక్క
ఒక్కటంటే ఒక్కటి
ఏనుగుల అంచు మీద పడ్డది.
ఆ చుక్క ఖరీదు
నా పదకొండు రోజుల కూలి.

ఆ గోలీ నట్టుతోనే చండూరు దాకా
పానం పిడికిట్ల పెట్టుకొని పోయిన.
లతీఫ్ మామ దుకాణంల
గోడ నిండ పానాల నీడలు,
నల్ల రంగుతోని గీసిన బొమ్మలు.
ఏ పానా ఎక్కడిదో గోడకు తెలుసు.
నట్టును బొటనవేలితోని తడిమి
"ఎవడు కొట్టిండురా దీన్ని?" అన్నడు.
నేను చైను దిక్కు చూసిన.

అగ్గిపెట్టె అట్ట చింపి
డాక్టరు చీటీ లెక్క రాసిచ్చిండు:
రింగు పానా, నీ నట్టు ఎంతో అంతదే.
సెట్టు కొనకు. పిడి పొడుగుది కొను,
బలం నీది కాదు, పొడుగుది.
అడ్జస్టర్లకు పది నంబరు రెండు.
"రెండెందుకు మామా?"
"ఒకటి తిప్పుతది, ఒకటి పట్టుకుంటది.
సంసారం లేదా నీకు?"
ఇనుప బ్రష్షు వద్దు, అరిగిన పండ్ల బ్రష్షు చాలు.
కాలిన ఇంజనాయిలు పొయ్యకు,
దుమ్మును చుట్టాలను పిలిచినట్టు పిలుస్తది.

ఆయితారం పొద్దున
డబుల్ స్టాండేసి చైనుకు డీజిల్ తానం చేపిచ్చిన.
లాకు పత్తా మూసిన ముఖం
చైను ఉరికే దిక్కుకు పెట్టిన,
ఈదే చేప లెక్క.
కింద చైను రెండు వేళ్ల మందం ఆడుతుంది.
అటు మూడో గీత, ఇటు మూడో గీత.
అయిపాయె అని చేతులు తుడుచుకుంటుంటే

ఆసు పోసుకుంట కూసున్న అండాలు
చెయ్యి ఆపకుంటనే అన్నది:
"చక్రం ఎడమకు పోగంత వాలింది."
గీతలు సమానం ఉన్నయి, చూడు అన్న.
"ఆ గీతలు కొట్టినోళ్లు
ఎన్నడన్న అచ్చు అతికిన్రా?"

లేచొచ్చింది. తెల్ల నూలు పోగు తెంపి
వెనుక టైరుకు చుట్టి
రెండు పక్కల ముందు టైరు దాకా గుంజి పట్టింది.
కుడి పక్క పోగు రబ్బరును ముద్దాడింది.
ఎడమ పక్క, వెనుక అంచుకాడ
సన్నటి వెలుతురు.
పది నంబరు పావు చుట్టు తిప్పిన.
"సాలు."
నాకు కనపడక ముందే అన్నది.

ఎర్ర డబ్బాల ఇప్పుడు గుండీలు, సూదులు.
పొడుగు పానా పిడికి ఆ పోగు చుట్టి ఉంటది.
బుచ్చిరాములు పానా అడిగితే ఇస్త,
పోగు విప్పుకొని ఇస్త.

స్పోకుల పానా మాత్రం
లతీఫ్ మామ ఇంకా కొననిస్తలేడు.
"ముందు చెవి తయారు చేసుకో" అంటడు.
అందుకే రాత్రి అందరు పండినంక
చెంచాతోని ఒక్కొక్కటి కొట్టుకుంట వింటున్న.
ముప్పై ఆరిట్ల ఒకటి
ఇంకా మూగగనే ఉన్నది.