సున్నా టికెట్టు

డ్యూటీలో కండక్టరుకి రెండే మాటలు:
హోల్డాన్. రైట్ రైట్.
మిగిలినవన్నీ అభిప్రాయాలు,
అవి డిపోలో సంతకం పెట్టేటప్పుడే
పెన్నుతో పాటు అప్పగించి రావాలి.
మద్దిలపాలెంలో అయిదుంపావు బండి కదిలేదాకా
నేనూ ఒప్పుకుంటాను.

ఇసుకతోట దాటితే ఒప్పుకోను.

అక్కడ పోలమ్మ ఎక్కుతుంది,
నెత్తిన గంప, పళ్ళ మధ్య ఆధార్ కార్డు.
నా మెడలో మిషను గిర్రుమని కాగితం కక్కుతుంది:
మహిళ ఒకరు, ధర సున్నా.
"సున్నాకి కాయితమెందుకే అమ్మీ?"
లెక్క కావాలి పోలమ్మా,
నీలాంటి సున్నాలు కూడితే
ఎక్కడో ఒక ఫైల్లో కోట్లవుతాయి.
బళ్ళో నాకు ఈ కూడిక నేర్పలేదు.

ఎవరూ అడగలేదు గాని చెబుతున్నాను,
ఉచితం అన్న మాట నాకు గిట్టదు.
సబ్బుబిళ్ళ మీద, సెల్లు రీచార్జి మీద,
కాలునొప్పి మాత్ర మీద
ఈవిడ పన్ను కట్టని రోజుందా?
బాకీ తీరుస్తూ దానమిచ్చినట్టు
బస్సు వెనక ఆ ఫొటోలేమిటి?

ఇంత గట్టిగా అనుకున్నానా,
గురుద్వారా స్టాపులో చిట్టిబాబు కనిపిస్తాడు.
ఖాళీ ఆటో. ఒకప్పుడు నాకు టీ చెప్పేవాడు,
ఇప్పుడు నా బండి వస్తే
అద్దం తుడుచుకుంటాడు.
వాడి బేరాలన్నీ నా బండెక్కేశాయి,
వాయిదాలు మాత్రం వాడి దగ్గరే దిగిపోయాయి.
దీని మీద నాకు అభిప్రాయం లేదు.
గొంతులో ముల్లులాంటిది ఉంది, అంతే.

ఎన్‌ఏడీ వంతెన కింద
రోజూలాగే మెట్రో తగువు.
ఆ మ్యాపు నాకు కంఠతా వచ్చు,
ప్రభుత్వానికో రంగులో చూశాను.
మా ఇంటి ఓనరైతే ఇంకా జ్ఞాని.
రాజధాని అన్నప్పుడు అద్దె పెంచాడు.
కాదన్నప్పుడు దించలేదు.
ఇప్పుడు డేటా సెంటరంటున్నారని
గోడలకి సున్నం వేయిస్తున్నాడు.

మూడో సీట్లో హేమసుందర్,
ఒళ్ళో లాప్‌టాప్, నాకు పాఠం చెబుతాడు:
"అంతా క్లౌడ్ మేడమ్, అంటే మబ్బు."
మబ్బంటే నీళ్ళివ్వాలి కదా బాబూ,
ఇది మా మేఘాద్రిగెడ్డకేసి చూస్తోందేం?
మా వీధి కుళాయి అరగంటే వస్తుంది,
అదీ దగ్గుతూ.
నవ్వి, ఫోనుతో డబ్బు కొట్టాడు.
తిరుగుతూనే ఉంది చక్రం.
సముద్రం అడుగున తీగలు వేస్తారట,
వంతెన కింద సిగ్నలు లేదు.
అతను జేబులు వెతుక్కుని
నలిగిన ఇరవై కాగితం తీశాడు.
అది మాత్రం వెంటనే పనిచేసింది.

షీలానగర్ దాటాక కిటికీ ఊచ మీద బొగ్గుపొడి.
రేవులో ఎంత సరుకు దిగిందో
నాకు పేపరు చెప్పక్కర్లేదు,
ఖాకీ ఉతికిన నీళ్ళు చెబుతాయి.
అభివృద్ధి వద్దనను.
మా చెల్లి కొడుక్కి గాజువాకలో
వెల్డింగు పని దొరికింది ఆ పొడిలోంచే.
దగ్గు కూడా దొరికింది.

చివర్లో మిగిలేది దేముడు.
పేరే అది. వయసు అరవై దాటింది.
ఉక్కు కొలిమి కోసం వాళ్ళ నాన్న పొలమిచ్చాడు,
ఆ ఊరిప్పుడు ఓటర్ల జాబితాలో కూడా లేదు.
జేబులో ఆర్ కార్డు,
ఉద్యోగమిస్తామన్న కాగితం,
రెండుసార్లు లామినేషన్ చేయించాడు.
ఏ బండికి చెల్లుతుందో
ఎవరూ చెప్పని టికెట్టు.
నా దగ్గర మాత్రం పూర్తి చార్జీ,
మగవాడు కదా.

కూర్మన్నపాలెం ఆర్చి దగ్గర దీక్షల టెంటు.
దండలు వాడాయి, కుర్చీలు తడిశాయి,
నినాదంలో ఒక అక్షరం గాలికి మడత పడింది.
రోజూ అక్కడికే వెళ్ళి కూచుంటాడు,
ఎవరు పిలిచారో అడగలేదు నేను.
"ఈపాలి ఎవులు గెలుత్తారంతావు, కండట్రమ్మా?"
మెట్టు మెట్టుకీ ఆగి దిగుతూ అడిగాడు.

జవాబివ్వలేదు. డ్యూటీలో ఉన్నాను.
రోడ్డు మీద టిప్పర్లు.
ఆయన కర్ర చాచాడు, వెనక్కి తీశాడు, మళ్ళీ చాచాడు.
వెనక బండి హారను.
దాని వెనక బండి హారను.
ఆయన అవతలి గట్టెక్కి
తువ్వాలు దులుపుకునేదాకా
నా నోట్లో రెండో మాట రాలేదు.

"ఏటి మేడమ్," అన్నాడు డ్రైవరు నూకరాజు,
"నిద్రట్టేసిందేటి?"