పశువుల డాక్టరు సంతకం

కాగితం మీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం కావాలన్నారు.
కొర్లగుంటలో మాకు తెలిసిన గెజిటెడ్ అంటే
పశువుల డాక్టరు ఇందుశేఖర్ ఒక్కడే.
ఆస్పత్రి గేటు కాడ ఒక జెర్సీ ఆవు,
దాని వెనక డ్రైవర్ పరంజ్యోతి, పంచర్ల జిలాని, నేను
క్యూలో నిలబడినాము.

చంకలో ఫైలు. ఫైల్లో నా సావు.
అంటే సావు కాదులే,
దానికి ముందర నాలుగు దినాలు.

మా అన్న వజ్రవేలుకు ఆ నాలుగు దినాలు
పదిహేడయినాయి.
గాజు తలుపుకు ఇవతల వంతులేసుకోని కాచుకున్నాము.
గొంతులో గొట్టం పీకేస్తాడని
రెండు చేతులూ గుడ్డపీలికలతో మంచానికి కట్టినారు.
పాకాలలో నలభై ఏండ్లు
బెల్లం దిమ్మెలు ఎత్తిన చేతులు.
పద్నాలుగో దినం కండ్లు తెరిచి నన్ను చూసినాడు.
ఏమో అడిగినాడు.
ఏమడిగినాడో నాకు తెలుసు.
తెలవనట్టు బయటికొచ్చి
క్యాంటీన్లో ఇడ్లీ తిన్నాను.
రేణిగుంట కాడి రెండు సెంట్లు ఆ వారమే పోయినాయి.
నేను చెప్పేది దాని గురించి కాదు.
ఆ ఇడ్లీ గురించి.

ముప్పై ఒక్క ఏడు తిరుపతి–చిత్తూరు బస్సులో కండక్టర్ని.
పనబాకం దాటినాక, స్టేజీ లేని చోట,
ఒక ముసలామె "ఈడ దించు నాయనా" అనేది.
చెకింగోళ్ళ కంట పడితే మెమో.
అయినా ఒక విజిల్ కొట్టేవాణ్ణి.
దిగాలన్న మనిషిని దాటించి తీసకపోయిన పాపం
నా డ్యూటీలో లేదు.
"నీకన్నీ బస్సు మాటలే" అంటుంది ధనభాగ్యం.
ఇంకేం మాటలుండాయి నా దగ్గర?

ఫారం ఇంగ్లీషులో ఉండాది.
మా తమ్ముడి కూతురు తులసీకుమారిని తెలుగులో రాయమన్నా.
ఒక చోట పెన్ను ఆగింది.
"ప్రాణం పొడిగించడం... కాదు పెదనాయనా,
సాగదీయడం అని రాసేదా?"
రాయమ్మా.
బెల్లంపాకం మాదిరి సాగదీయబాకండి.
సాగనంపండి.
ఈ రెండు మాటలూ ఇంత పక్కపక్కన కాపరముంటాయని
అరవై ఎనిమిదేండ్లకు తెలిసొచ్చింది.

ఊపిరి మిషను వద్దు.
రొమ్ము గుద్ది గుండెను లేపబాకండి.
నొప్పికి మందు మాత్రం ఇయ్యండి, దాంట్లో పిసినారితనం వద్దు.
నోరెండితే తడిగుడ్డ.
మంచం కిటికీ పక్కన. కొండ కనపడితే సరే,
లేదంటే బస్టాండు వైపు.
నాకు నోరు పడిపోతే నా తరపున చెప్పేదెవరు?
ఈడ ఒక పేరు రాయాల.
"ఆపండని నా నోటితో నేనెట్లంటా?"
ధనభాగ్యం గిన్నెలు కడగను లేచిపోయింది.
కొళాయి శానాసేపు పారింది.
తులసీకుమారి తన పేరే రాసింది,
అక్షరాలు చిన్నగా.

క్యూలో జిలాని ఆ కాగితం రెండు సార్లు చదివినాడు.
"అన్నా, నువ్వు బాగనే ఉండావు గదా?"
బాగుండబట్టే గదరా.

డాక్టరు అద్దాలు పెట్టుకోని మొత్తం చదివినాడు.
బయట ఆవు అరిచింది.
"గొడ్డుకయితే నేనే చెప్తా, ఇంక చాలని" అన్నాడు,
"మనిషి తనకు తానే చెప్పుకోవాల."
ముద్ర కొట్టినాడు.
ముద్రలో జిల్లా పేరు ఇంకా చిత్తూరే.
కొత్తది రాలేదంట.

సాయంత్రం ఫైలు తీసుకోని
రేషన్ కార్డు డబ్బాలో పెట్టినా.
ధనభాగ్యం చూసింది.
"కరెంటు బిల్లులు కూడా దాంట్లోనే ఉండాయి, కలపబాకు."
అంతే.

లైటార్పినాక, చీకట్లో, అటు తిరిగి పడుకోని అడిగింది:
"కిటికీ పక్కన మంచం అని రాపిస్తివే,
మొగాన ఎండ పడదా?"
పడతాది.
"అయితే పరదా ఒకటి కుట్టాల."